వెలియని రంగు

మన తెలుగులో "వెలియడం" అనే మాట తమాషా అయినది. వాన వెలిసిందంటే ఆగిపోయిందని అర్థం. కొండమీద స్వామి వెలిశాడంటే ప్రత్యక్షమైనాడని అర్థం. గుడ్డ వెలిసిందంటే ఉన్న రంగు కాస్తా పోయిందని అర్థం. ఆగడానికీ, రావడానికీ, పోవడానికీ అదే మాట! ఇవన్నీ ఒకే ధాతువు నుంచి పుట్టినవి కావని పండితులు సెలవివ్వవచ్చు. కాని వంటింట్లో మాట్లాడుకునేవాళ్ళకు ధాతువులతో పనేమున్నది?

ఇవాళ నేను చెప్పబోయేది ఈ మూడోరకం వెలియడం గురించి. అదీ గుడ్డల సంగతి కాదు, ఫొటోల సంగతి. మధ్యలో ఒక పట్టుచీర ప్రసక్తి వస్తుంది గాని, దానికి ఇంకా వేళ కాలేదు.

ఈసారి తీరిక దొరికినప్పుడు ఒక పని చేయండి. బీరువా పై అరలోనో, మంచం కింద ట్రంకుపెట్టెలోనో 1970 ప్రాంతపు కలరు ఫొటోలు నాలుగైనా ఉంటాయి. తీసి చూడండి. పందిట్లో అరటిచెట్లు ఇటుకరంగుకు తిరిగి ఉంటాయి. సున్నం కొట్టిన గోడ రోజాపువ్వులాగ ఉంటుంది. పెళ్ళికి వచ్చిన చుట్టాలంతా ఎండలో పడి నడిచి వచ్చినట్లు కందిపోయి కనిపిస్తారు. ఇప్పుడు అదే పెట్టె అడుగునుంచి తాతగారి ఫొటో తీయండి. నలుపూ తెలుపూ తప్ప మూడో రంగు లేదు. చేతిలో పొన్నుకర్ర, పక్కన బల్లమీద పూలకుండీ, వెనక తెరమీద గీసిన మేడ. కాగితం కాస్త పచ్చబడి ఉండవచ్చు గాని, తాతగారి మీసంలో వెంట్రుకలు ఇవాళ్టికీ లెక్కపెట్టవచ్చు.

తాతగారిది పాత ఫొటో. పెళ్ళివాళ్ళది కొత్తది. మరి కొత్తది ముందుగా చెడిపోవడమేమిటి?

దీనికి జవాబు చాలా సులువు. తాతగారు వెండిలో దిగారు. మనవాళ్ళు రంగునీళ్ళలో దిగారు.

నలుపు తెలుపు ఫొటోలో నల్లగా కనిపించేదంతా సన్నని వెండి రజను. ఉత్తరదేశంలో సర్ధానాలో 1844లో పుట్టి, హైదరాబాదులో ఆరవ నిజాము దర్బారుకు ఫొటోగ్రాఫరై, "రాజా" బిరుదు పొందిన లాలా దీనదయాళ్ తీసిన ఫొటోలు మీరు చూసే ఉంటారు. ఆయన 1905లో పోయాడు. ఆ నవాబులూ, ఆ భవనాలూ, ఆ ఏనుగు అంబారీలూ మాత్రం ఇంకా పోల్చుకునేటట్లుగానే ఉన్నాయి. వెండి మహిమ అది.

రంగు ఫొటోలో చివరికి వెండి మిగలదు. కడిగేటప్పుడే దాన్ని తీసేస్తారు. మిగిలేవి మూడు అద్దకపు రంగులు: పసుపు, మెజెంటా అనే గులాబి, సయాన్ అనే నీలం. ప్రపంచంలో ఉన్న రంగులన్నీ ఈ మూడింటి కలయికతోనే తెప్పించాలి. వెలుతురు తగిలితే ఏ అద్దకమైనా కొంత వెలుస్తుంది. అది మన ఆడవాళ్ళకు చెప్పనక్కరలేదు, చీర తిరగేసి ఆరవేయడం వాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య. కాని ఆ కాలపు ఫొటో కాగితాల్లో చాలావాటికి మరొక జబ్బు కూడా ఉండేది. వెలుతురు తగలకపోయినా, పెట్టెలో చీకట్లో భద్రంగా ఉన్నా, వాటిలో సయాన్ తనంతట తనే నశించిపోయేది. వేడీ చెమ్మా తోడైతే మరీ తొందరగా. నీలం పోతే మిగిలేది ఎరుపే గదా. అందుకే ఆ పెళ్ళిళ్ళన్నీ అలా ఎర్రబడ్డాయి.

ఇది మన ఒక్కరి ఇళ్ళకు పట్టిన దశ కాదు. అమెరికాలో 1942లో కొడాకలర్ అనే ఫిలిం వచ్చి, సామాన్య సంసారులకు రంగు ఫొటోలు అలవాటు చేసింది. అప్పటినుంచి 1953 దాకా అచ్చయిన ఆ ఫొటోలలో చెడకుండా మిగిలినవి దాదాపు లేనట్లేనని, ఈ విషయమే జీవితకాలపు పనిగా పెట్టుకున్న హెన్రీ విల్హెల్మ్ అనే పరిశోధకుడు తేల్చాడు. రంగు ఫొటోలు ఎందుకు వెలుస్తాయి, ఎలా కాపాడుకోవాలి అనే సంగతి మీద 1993లో ఆయన అచ్చువేసిన పుస్తకం దిండంత ఉంటుంది. పిల్లల మొదటి పుట్టినరోజులు, యుద్ధానికి వెళ్ళే కొడుకుల వీడ్కోళ్ళు, అన్నీ పోయాయి. మనుషులు రంగులో దిగామని సంతోషించారే గాని, ఆ రంగు తమకంటె ముందే వెళ్ళిపోతుందని వాళ్ళకు చెప్పినవారు లేరు.

ఇక మా ఇంటి సంగతికి వస్తాను. మా అమ్మా నాన్నల పెళ్ళి 1973 వైశాఖంలో రాజమండ్రిలో జరిగింది. నాన్న స్నేహితుడొకాయన మద్రాసునుంచి కెమెరాలో కలరు ఫిలిం వేసుకుని వచ్చాడు. పెళ్ళి మర్నాడు పొద్దున్న వీధి అరుగుమీద ఇద్దరినీ నిలబెట్టి ఒక ఫొటో తీశాడు. పోస్టుకార్డు కంటె చిన్నది. మూడున్నర అంగుళాలు, అయిదంగుళాలు. నెగెటివ్ ఏమయిందో ఎవరికీ తెలియదు. ఇప్పుడు అమ్మా లేదు, నాన్నా లేరు. వాళ్ళిద్దరూ పక్కపక్కన నిలబడి రంగులో దిగిన పెళ్ళినాటి ఫొటో అదొక్కటే. అందులో అమ్మ కట్టుకున్నది ఎర్ర పట్టుచీర. మా ఇంట్లో అందరూ "అమ్మ పెళ్ళి ఎర్రచీర" అనే అంటారు. పిల్లలు కూడా అలాగే నేర్చుకున్నారు.

కొన్నేళ్ళ కిందట మా తమ్ముడు ఆ ఫొటోను ఊళ్ళో ఒక దుకాణంలో పెద్దది చేయించి, మెరిసే కాగితం మీద అచ్చు వేయించి, పటం కట్టించి హాల్లో తగిలించాడు. తూర్పు కిటికీకి ఎదురుగోడ. రెండు వర్షాకాలాలు గడిచేసరికి అమ్మ ముఖం పాలిపోయింది. మూడోది గడిచేసరికి నాన్న మీసం ఆకుపచ్చగా తేలింది. దుకాణం వాడిని అడిగితే, "ఎండ తగిలితే ఏదైనా అంతేనండీ" అన్నాడట. ఆ మాటలో సగం నిజం. మిగిలిన సగం సిరాలో ఉన్నది.

సిరాలు రెండు జాతులు. ఒకటి నీళ్ళలో పంచదార కరిగినట్లు కరిగిపోయే సిరా. అది అద్దకం. కాగితంలోకి ఇంకి, చూడడానికి ఎంతో కళగా ఉంటుంది. కాని దాని రేణువులు విడివిడిగా ఉంటాయి గనుక వెలుతురూ, గాలిలో ఉండే ఓజోనూ వాటిని ఒక్కొక్కటిగా పట్టుకుని విరిచేస్తాయి. రెండోది నీళ్ళలో పసుపుపొడి కలిపినట్లు ఉండే సిరా. పొడి కరగదు, తేలుతూ ఉంటుంది. వర్ణకం అంటారు. ఒక్కొక్క పలుకులో వేలకు వేల రేణువులు ముద్దకట్టి ఉంటాయి. పైపొర దెబ్బతిన్నా లోపలివి నిలబడతాయి. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద పదహారో శతాబ్దంలో వేసిన బొమ్మలు ఇవాళ్టికీ కనిపిస్తున్నాయంటే కారణం ఇదే. మట్టినుంచీ రాళ్ళనుంచీ తీసిన పొడి రంగులవి. ఈ కాలపు సిరాల్లో వాడేవి రసాయనశాలలో తయారైన పొడులు. మోటారుకార్లు ఏళ్ళతరబడి ఎండలో నిలబడినా రంగు పోకుండా ఉండడానికి పూసే ఎరుపు ఏ కుటుంబానిదో, ఫొటో సిరాలో గులాబి కూడా చాలావరకు ఆ కుటుంబానిదే. నలుపు మాత్రం మనకు తెలిసిన మసే.

ఈ పొడిని ఎంత మెత్తగా నూరుతారంటే, మన వెంట్రుక మందం దాని పలుకుకు కొన్ని వందల రెట్లు ఉంటుంది. అంత మెత్తగా లేకపోతే యంత్రంలోని రంధ్రాల్లోంచి దూరదు మరి. ఆ యంత్రం కథ కూడా వినదగినదే.

సిరాను కాగితానికి తాకించకుండా, చుక్కలుగా చిమ్మి గీత గీయాలన్న ఉపాయం పుట్టింది బొమ్మలకోసం కాదు, గుండెజబ్బుల కోసం. స్వీడన్ దేశపు రూనె ఎల్మ్‌క్విస్ట్ గుండె కొట్టుకునే తీరును కాగితంమీద గీయడానికి అలాంటి పరికరం చేసి 1951లో పేటెంటు పొందాడు. ఆయనే 1958లో మనిషి ఒంట్లో అమర్చిన మొదటి పేస్‌మేకరును తయారుచేశాడు. 1977లో జపానులో కెనాన్ కంపెనీ ఇంజనీరు ఇచిరో ఎండో పని చేసుకుంటుండగా, కాలుతున్న టంకపు కడ్డీ పొరపాటున ఇంజక్షను సూదికి తగిలి, సూదిలోంచి సిరా చిమ్మిందట. వేడితో బుడగ పుట్టించి సిరాను తోసే పద్ధతి అలా వచ్చింది. మరికొన్ని యంత్రాల్లో వేడి ఉండదు. కరెంటు తగిలితే వంగే స్ఫటికం ఒకటి ఉంటుంది, అది వంగినప్పుడల్లా ఒక చుక్క బయటపడుతుంది. ఆ చుక్క ఎంతంటారు? కంట్లో వేసుకునే మందుచుక్కను కోటి భాగాలు చేస్తే ఒక భాగం, రమారమి అంత.

చాలాకాలం ఈ యంత్రాలు ఆఫీసు కాగితాలకూ, అచ్చుకు ముందు చూసుకునే నమూనాలకూ మాత్రమే పనికివచ్చాయి. వాటిని కళకు మళ్ళించినవారిలో ముఖ్యుడు ఒక పాటగాడు. ఇంగ్లండులో పుట్టి అమెరికాలో పేరు తెచ్చుకున్న గ్రాహం నాష్. ఆయనకు ఫొటోల పిచ్చి. తాను తీసినవాటిని మంచి కాగితంమీద చూసుకోవాలని, ఐరిస్ అనే పెద్ద యంత్రాన్ని లక్షా ఇరవై ఆరు వేల డాలర్లు పోసి కొన్నాడు. 1991లో స్నేహితుడు మాక్ హోల్‌బర్ట్‌తో కలిసి కాలిఫోర్నియాలో మాన్‌హాటన్ బీచ్ అనే ఊళ్ళో ముద్రణశాల తెరిచాడు. నమూనాలు తీయడానికి పుట్టిన ఆ యంత్రాన్ని తమకు కావలసినట్లు మార్చుకుని, దళసరి చిత్రకళా కాగితాలమీద ఫొటోలు వేశారు. అక్కడ పనిచేసిన జాక్ డుగాన్ ఈ రకం బొమ్మకు "జీక్లే" అని నామకరణం చేశాడు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు మూలం "చిమ్మడం". మన భాషలో చెప్పుకుంటే "చిమ్మిన బొమ్మ". ఫ్రెంచిలో చెబితేనే ధర పలుకుతుందనుకోండి! ఆ యంత్రం 2005లో వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వారి చరిత్ర మ్యూజియం చేరింది. అయితే ఆ తొలినాటి సిరాలు కూడా అద్దకం జాతివే, తొందరగా వెలిసేవి. పొడి సిరాలతో ఫొటోలు వేసే చిన్న యంత్రాలు బజారులోకి వచ్చింది 2000 సంవత్సరం నుంచే.

హైదరాబాదులో అలాంటి యంత్రం ఉన్న చోటు ఒకటి ఉన్నదని తెలిసి, మా అమ్మ చెల్లెలిని, అంటే మా పిన్నిని, వెంటబెట్టుకుని వెళ్ళాను. పెళ్ళినాటికి పిన్నికి పదిహేనేళ్ళు. ఆ అరుగుమీద ఆ పొద్దున్న ఉన్నవాళ్ళలో ఇప్పుడు మిగిలింది ఆమె ఒక్కతే.

ముద్రణశాల అంటే పెద్ద హంగామా ఏమీ లేదు. రెండు గదులు. గోడలకు బూడిదరంగు వేశారు. రంగు గోడలైతే ఆ ఛాయ కంట్లో పడి అచ్చు సరిగా తెలియదట. మధ్యలో భోషాణమంత యంత్రం. అందులో పన్నెండు సిరా డబ్బాలు. నలుపులో రెండు రకాలు, బూడిదరంగులో రెండు, నారింజ, ఆకుపచ్చ, ఊదా వేరే. నడిపే అబ్బాయికి ముప్ఫయి ఏళ్ళుంటాయి. చేతులకు తెల్లని నూలు తొడుగులు వేసుకుని, మా ఫొటోను పసిబిడ్డను ఎత్తినట్లు ఎత్తి స్కానరులో పడుకోబెట్టాడు. అంగుళానికి పన్నెండు వందల చుక్కల చొప్పున నకలు తీశాడు.

"ఎంత పెద్దది చేయవచ్చు బాబూ?" అన్నాను.

"మూడింతలు చేద్దాం సార్. పదిన్నర, పదిహేను. అంతకు మించితే ముఖాలు పలచబడతాయి" అన్నాడు. ఉన్నదానికంటె లేనిది చూపిస్తాననలేదు. అక్కడే నాకు ఆ కుర్రవాడిమీద నమ్మకం కుదిరింది.

తెరమీద ఫొటో పెట్టి, అతను నాకు ఒక సంగతి చెప్పాడు. తెర దీపం లాంటిది, తనే వెలుగుతుంది. కాగితం గోడ లాంటిది, మీద పడిన వెలుగునే తిప్పి ఇస్తుంది. తెరమీద కనిపించిన రంగే కాగితంమీద రావాలంటే ఆ రెండింటి జాతకాలూ కలవాలి. ఏ సిరా ఏ కాగితంమీద ఎంత రంగు ఇస్తుందో కొలిచి ఒక పట్టిక తయారుచేస్తారు, దానికి ప్రొఫైల్ అని పేరు. కాగితం మారితే జాతకం మారుతుంది. ఈ జాతకాలన్నీ ఒకే పద్ధతిలో రాయాలని 1993లో ఎనిమిది కంపెనీలు కూడి ఒక సంఘం కూడా పెట్టుకున్నాయి.

"జాతకాలు కలిసినా కాపురం కుదరాలిగా?" అన్నది పిన్ని.

"అందుకే ముందు చిన్న ముక్క వేసి చూస్తామండీ, బామ్మగారూ" అన్నాడతను.

ఇక అసలు పని మొదలైంది. పోయిన సయాన్‌ను ఎంత తిరిగి పోయాలి? ఫొటోలో నిజంగా తెల్లగా ఉన్న వస్తువు ఒకటి దొరికితే చాలు. దాన్ని తెల్లగా తేలుస్తే మిగిలిన రంగులు వాటంతట అవే తమ తమ స్థానాలకు వస్తాయి. అతను నాన్న పంచె మీద గురిపెట్టి నొక్కాడు. పంచె మల్లెపువ్వయింది. కాని ఇద్దరి ముఖాలూ చలిలో నిలబడ్డట్లు నీలంగా అయిపోయాయి.

పిన్ని కళ్ళద్దాలు సవరించుకుని తెరదగ్గరికి వంగింది.

"అదేమిటి బాబూ, పెళ్ళి పంచె తెలుపెక్కడిది? పసుపునీళ్ళలో ముంచింది గదా!"

అబ్బాయి చెయ్యి ఆగిపోయింది. మధుపర్కాల పంచె. పసుపులో ముంచినదాన్ని తెలుపుగా తీసుకుంటే లెక్కంతా తప్పుతుంది. "పోనీ గోడ, బామ్మగారూ?" అన్నాడు.

"గోడా వద్దు. ఆ రోజుల్లో సున్నంలో నీలిమందు కలిపి కొట్టేవాళ్ళం." ఆమె కాసేపు చూసింది. తరువాత వేలు పెట్టి చూపించింది. "ఇదుగో, మా అక్క జడలో మల్లెపూలు. పొద్దున్నే నేనే కట్టి పెట్టాను. అవి తెలుపే. వాటిని ఎవరూ దేంట్లోనూ ముంచలేదు."

అతను ఆ పూలమీద నొక్కాడు. గోడమీద నీలిమందు ఛాయ లీలగా తేలింది. పంచె పసుపుపచ్చన అయింది. అరుగు పక్క అరటాకు ఏభై ఏళ్ళ తరువాత మళ్ళీ ఆకుపచ్చ అయింది. అమ్మ చెంపలకు పసుపు వచ్చింది. చీర మాత్రం ఎర్రగా లేదు. ముదురు ఊదారంగుకు తిరిగింది.

"చీర మరీ ముదురుగా వస్తున్నది సార్. పెళ్ళికూతురు కదా, ఎరుపులోకి లాగమంటారా?" అన్నాడతను.

"ఎరుపేమిటి నాయనా, అది వంగపండు రంగు చీర" అన్నది పిన్ని.

"అదేమిటి పిన్నీ, ఇంట్లో అందరూ ఎర్రచీర అంటారే?"

"ఫొటో చూసి అంటార్రా అబ్బాయ్. ఎర్రచీర మా నాన్న తెచ్చాడు. కొట్లో తనే ఎంచి, బేరమాడి తెచ్చి పెట్టాడు. అక్క మడత విప్పలేదు. నాకు వంగపండు రంగు కావాలన్నది. పెళ్ళికూతురికి ఆ ముదురు రంగేమిటని మా అమ్మ కేకలు. సంబంధం కుదిర్చినప్పుడు అక్కను ఎవరూ అడగలేదు, తనూ మాట్లాడలేదు. చీర దగ్గర మాత్రం పట్టుపట్టింది. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. చివరికి నాన్న ఎండనపడి వెళ్ళి మార్చి తెచ్చాడు. ధర్మవరం చీర. దాన్ని కట్టుకుని అరుగుమీదికి వచ్చినప్పుడు చూడాలి మీ అమ్మను!"

నాకు కాసేపు మాట రాలేదు. ఆ చీర ఇప్పుడు లేదు. ఎప్పుడో జరీకోసం కొనేవాడికి వేసేశారు. ఏ చీరనైతే మా అమ్మ వద్దని తిప్పిపంపిందో, వెలిసిన ఫొటో ఆ చీరనే మళ్ళీ తెచ్చి ఆమెకు కట్టబెట్టింది. ఒకసారి మా ఇంటికి వచ్చిన చుట్టం ఎవరో ఆ ఫొటో చూసి "ఎర్రచీరలో ఎంత బాగున్నావమ్మా" అంటే, అమ్మ నవ్వి ఊరుకోవడం నాకు గుర్తున్నది. ఆ నవ్వుకు అర్థం ఇన్నేళ్ళకు, ఇద్దరూ పోయినాక, పరాయి గదిలో యంత్రం పక్కన తెలిసింది.

అబ్బాయి చిన్న ముక్కలు రెండు వేశాడు. ఒకటి బరైటా పూత పూసి నిగనిగలాడే కాగితం. రెండోది మెరుపు లేని నూలు కాగితం. నూటికి నూరుపాళ్ళు పత్తితో చేసింది, చదరపు మీటరుకు 308 గ్రాములు తూగేది. జర్మనీలో 1584లో మొదలైన హానెమ్యూలె మిల్లుది. మెరిసేదానిలో నలుపు ఇంకా లోతుగా ఉన్నది. నూలుదానిలో చీర మడతలు చేత్తో తడమవచ్చునన్నట్లున్నాయి. "చీర మెరవాలి గాని కాగితం మెరవకూడదు" అని పిన్ని తీర్పు చెప్పింది.

అబ్బాయి గదిలో పగటివెలుగును పోలిన ప్రత్యేకమైన దీపం ఉన్నది. దాని కింద పెట్టి చూపించాడు. పిన్ని ఒప్పుకుంటుందా? చీరల కొట్లో చీరను గుమ్మంలోకి తెచ్చి ఎండలో చూడందే కొనని జాతి మనది. ముక్క పట్టుకుని వీధి మెట్లమీదికి వెళ్ళింది. అబ్బాయి కూడా వెనకే వచ్చి, వద్దనకుండా నిలబడ్డాడు.

"ఇంకొక్క పిసరు నేరేడుపండు ఛాయ తగలాలి బాబూ. కొంగు దగ్గర" అన్నది.

మూడో ముక్కకు కుదిరింది. అప్పుడు పెద్దది వేశాడు. యంత్రం తల మగ్గంమీద నాడెలాగ అటూ ఇటూ పోతూ, వెడల్పాటి కాగితాన్ని అంగుళం అంగుళం బయటికి తోస్తూ ఉంటే, ముందు ఇంటి చూరు వచ్చింది, తరువాత నాన్న క్రాపు, తరువాత మల్లెపూలు, తరువాత అమ్మ ముఖం. పావుగంట పట్టింది. ఈ పావుగంటా పిన్ని కుర్చీలో కూర్చోలేదు.

ఖర్చు ఎంతయిందంటారా? పటంతో కలిపి ఒక మంచి నూలుచీర ధర. రంగు ఎన్నాళ్ళుంటుందంటారా? విల్హెల్మ్ పరిశోధనశాల వారు ఇలాంటి అచ్చులను బలమైన దీపాలకింద పెట్టి, రోజుకు పన్నెండు గంటలు 450 లక్సుల వెలుతురు పడితే ఎన్నేళ్ళకు తేడా కనిపిస్తుందో లెక్క కడతారు. మంచి పొడి సిరా, మంచి నూలు కాగితం, పైన అద్దం ఉంటే చాలావాటికి అరవై ఏళ్ళకు పైన, కొన్నిటికి నూరేళ్ళకు పైన అని అంచనా. అంచనా అంటే అంచనాయే, ప్రామిసరీ నోటు కాదు. మన నడివేసవి ఎండ లక్ష లక్సులు. దాని ఎదురుగా తగిలిస్తే ఏ సిరా అయినా పూచీ పడదు.

మీలో ఎవరైనా ఈ పనికి పూనుకుంటారేమోనని నాలుగు మాటలు చెబుతాను. సిరా పొడిరకమా, అద్దకం రకమా అని ముందే అడగండి. చెప్పలేకపోతే మెట్లు దిగి వచ్చేయండి. కాగితం నూలుదై, ఆమ్లం లేనిదై ఉండాలి. తెల్లగా మిరుమిట్లు గొలిపేది వద్దు. ఆ మిరుమిట్లకోసం కలిపిన మందు కొన్నేళ్ళకు చచ్చి కాగితం పచ్చబడుతుంది. అచ్చును ఒక రోజైనా ఆరనిచ్చి పటం కట్టించండి. బొమ్మ అద్దానికి అంటుకోకుండా మధ్య అట్ట చట్రం పెట్టించండి. ఎండ పడని గోడ, తడి ఎక్కని గోడ చూసుకోండి. వెలిసిన పాత ఫొటోను మాత్రం పారేయకండి. రేపు ఇంతకంటె మంచి యంత్రం వస్తే మళ్ళీ మొదలుపెట్టవలసింది దానితోనే.

ఫోనులో ఉన్నవి చాలవా అని పిల్లలంటారు. చాలవు. ఫోనులో పదివేలుంటాయి, చూసేది నిన్నటివి. అదీగాక ఫోను ఎవరినీ ఏమీ అడగదు. అచ్చు వేయాలంటే ఎవరో ఒకరు కూర్చుని, ఇది తెలుపు, ఇది పసుపు, ఇది వంగపండు అని చెప్పాలి. ఆ చెప్పగలిగిన మనుషులు ప్రతి ఇంట్లోనూ ఒకరో ఇద్దరో మిగిలి ఉన్నారు. సిరాలు ఏటేటా మెరుగవుతూనే ఉంటాయి, వాటికోసం ఆగవచ్చు. మనుషులకోసం ఆగడానికి వీల్లేదు.

పటం కట్టించే ముందు పిన్ని నాచేత బొమ్మ వెనకవైపు పెన్సిలుతో రాయించింది. కలం వద్దన్నది. సిరా ఇవతలికి ఊరుతుందేమోనని ఆమె భయం. ఊరూ, వైశాఖమాసం, 1973, ఇద్దరి పేర్లూ రాశాను. అయిపోయిందనుకుని లేవబోతుంటే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఇంకొక ముక్క రాయి. చీర వంగపండు రంగు. తనే ఎంచుకున్నది."

రాశాను.